రేవు అవతల బంగళా

మా అమ్మాయి శవం వేషం వేసిన రోజున మా అత్తగారు మా ఇంట్లోనే ఉన్నారు. అదీ వచ్చిన చిక్కు.

పన్నెండేళ్ళ కిందటి ఆగస్టు. ఇంగ్లండుకి నైరుతి మూలన డెవన్ కౌంటీ, అందులో సముద్రం ఒడ్డున పెయింటన్, మా ఊరు. కోనసీమ లంకల్లో పుట్టినవాణ్ణి, దీన్ని ‘మా ఊరు’ అని తడుముకోకుండా అనడానికి నాకు పదేళ్ళు పట్టింది. ఇక్కడి ఆసుపత్రి మందుల విభాగంలో ఉద్యోగం. ఊరికి దగ్గర్లో ఒక పాత బంగళా ఉంది. పేరు చెప్పను, కారణం మీకే తెలుస్తుంది. దాని పైకప్పు కారుతుంటే చందాల కోసం తోటలో మా వైపు తీర్థం లాంటిది పెట్టారు. కేకులు, మొక్కలు, పాత పుస్తకాలు, గాడిద మీద స్వారీ, వీటన్నిటి నడుమ ఓ హత్య. యాభై పెన్నీలిస్తే ఒక కార్డు ఇస్తారు. అందులో ఆరు ఆధారాలుంటాయి. అవి పట్టుకుని తోటంతా తిరిగి శవమెక్కడుందో, చంపిందెవరో, దేంతో చంపారో రాసి ఇవ్వాలి. ఇక్కడ వేసవిలో పాత బంగళాల్లో ఇది మామూలే. చలికాలమైతే లోపల భోజనాల బల్ల చుట్టూ ఆడతారు. సూపు తాగుతుండగా వంటాయన కూలిపోతాడు, పుడ్డింగు వేళకి ఇన్‌స్పెక్టరు దిగుతాడు.

శవానికి ఓ పిల్ల కావాలన్నారు. మా అమ్మాయి చెయ్యెత్తింది. పూలకుండీలు దాచుకునే కొట్టులో, మెడకో స్కార్ఫు చుట్టుకుని, గోనెపట్టా మీద వెల్లకిలా పడుకోవాలి. ఎవరైనా తలుపు తీస్తే కళ్ళు మూసుకోవాలి, లేనప్పుడు కామిక్స్ చదువుకోవచ్చు. ఒప్పందం బాగానే ఉంది. కానీ నాలుగో ఆధారంలో అచ్చుతప్పు పడింది. ఫౌంటెన్ అని ఉండాల్సిన చోట నీడ గడియారం అని పడింది. ఊరు ఊరంతా నీడ గడియారం చుట్టూ చేరి అరగంట కొట్టుకుంది. దాని కింద తవ్వి చూద్దామన్న పెద్దమనిషి కూడా ఒకాయన ఉన్నాడు. శవం దగ్గరికి ఒక్కరూ వస్తే ఒట్టు. చివరికి నిర్వాహకులు క్షమాపణలు చెప్పి అందరి యాభై పెన్నీలూ తిరిగిచ్చేశారు. గంటన్నర పాటు చచ్చిపడున్న మా అమ్మాయి ఎడంకాలు తిమ్మిరెక్కి, కుంటుకుంటూ బయటికొచ్చింది.

అప్పటిదాకా కేకు తింటూ కూర్చున్న మా అత్తగారికి విషయం అప్పుడు తెలిసింది.

“ఏంటి బాబూ ఇది? ఖూనీ ఆటా? ఆడపిల్ల చేత పీనుగు వేషం వేయిస్తారా?”

“ఆటేనండీ అత్తయ్యగారూ. ఇక్కడ మామూలే.”

“మామూలేంటండీ? వామనగుంటలాడుకోమనండి, అష్టాచెమ్మా ఆడుకోమనండి. చావుతో ఆటలేంటి?”

ఆ సాయంత్రం దిష్టి తీయాలన్నారు. ఉప్పుంది, ఎండుమిరపకాయలున్నాయి, నిప్పు లేదు. మా పొయ్యి కరెంటుది. ఆఖరికి పెరట్లో బార్బెక్యూలో బొగ్గులు రాజేసి ఇచ్చాను. ఆవిడ పిల్లని తూర్పుకి నిలబెట్టి, మూడుసార్లు తిప్పి, గుప్పెడూ బొగ్గుల మీద పోశారు. గాలి పక్కింటి వైపు వీస్తోంది. కంచె అవతల పెద్దావిడ దగ్గుతూ, అంతా క్షేమమేనా అని కేకేసింది. క్షేమమేనండీ, మసాలా ఎక్కువైంది అన్నాను.

అత్తగారి మనసు మళ్ళించడానికి మర్నాడు సెలవు పెట్టి, డిటెక్టివ్ నవలల అగాథా క్రిస్టీ ఒకప్పటి ఇల్లు గ్రీన్‌వేకి తీసుకెళ్ళాను. మా ఆవిడ వద్దంటూనే ఉంది. పుండు మీద కారం చల్లడమే కదా, ఆ ఖూనీ ఆటకి పుట్టిల్లు అదే అంది.

నిజమే. అగాథా క్రిస్టీ 1956లో ‘డెడ్ మాన్స్ ఫాలీ’ అనే నవల రాసింది. డెవన్‌లో నది ఒడ్డున ఒక పెద్ద బంగళా. వేసవి తీర్థం. అందులో ఉత్తుత్తి హత్య వేట. ఆటని తయారుచేసింది ఒక రచయిత్రి. శవం వేషం వేసింది పద్నాలుగేళ్ళ పిల్ల. ఆమె నది ఒడ్డున పడవల ఇంట్లో పడుకుంటుంది, పక్కన చదువుకోడానికి కామిక్స్. డిటెక్టివ్ ప్వారో వెళ్ళి తలుపు తీసి చూసేసరికి పిల్ల నిజంగానే చచ్చిపోయి ఉంటుంది. (రాజోలులో అద్దె పుస్తకాల షాపు నడిపినాయన ఆ డిటెక్టివు పేరు పోయిరాట్ అనేవాడు. ‘మన యుగంధర్ ముందు వీడెంత’ అని కూడా అనేవాడు. కొమ్మూరి సాంబశివరావు యుగంధర్నీ, అసిస్టెంట్ రాజునీ అంతకుముందే నమిలేసిన నేనూ అదే అనుకునేవాణ్ణి.) నవలలో ఆ బంగళా పేరు నాస్ హౌస్. కానీ దాని పడవల ఇల్లు, మెట్లు, చెట్లు, రేవు అన్నీ గ్రీన్‌వేవే. ఇక్కడివాళ్ళెవర్ని అడిగినా కళ్ళు మూసుకుని చెబుతారు. నవలలోని పిల్ల సంగతి మా అత్తగారికి చెప్పలేదు. మీరూ చెప్పకండి.

గ్రీన్‌వేకి కారులో వెళ్ళాలంటే ముందే చోటు బుక్ చేసుకోవాలి. దారి ఒంటికారు దారి. పెయింటన్ నుంచి బొగ్గు రైలు ఉంది, 2012 నుంచి గ్రీన్‌వే హాల్ట్ అని ఓ స్టేషను కూడా పెట్టారు. అక్కణ్ణుంచి అడవిలో అరగంట నడక. అత్తగారి మోకాళ్ళకి అది కుదరదు. అందుకని కింగ్స్‌వేర్ దాకా వెళ్ళి డార్ట్ నది దాటాం. ఆ దాటించేది చూసి ఆవిడ మొహం విప్పారింది. అచ్చం మన సఖినేటిపల్లి పంటు. బల్లపరుపు పంటు మీద కార్లు ఎక్కిస్తారు, పక్కన కట్టిన చిన్న మరపడవ దాన్ని తోసుకుపోతుంది. “ఇంత దూరమొచ్చి పంటెక్కానా!” అని నవ్వారు. అవతలి డార్ట్‌మత్ నుంచి ఇంకో పడవలో, నదికి ఎదురు, అరగంట. రెండు గట్లూ నీళ్ళలోకి ఒరిగిన ఓక్ చెట్లే. ఒక మలుపు తిరగ్గానే కొండ మీద చెట్ల సందులోంచి తెల్లని ఇల్లు, కింద రేవు. ఆ ఇల్లే గ్రీన్‌వే.

ఆ రేవుదే పాత పేరు. 1493 నాటికే ఇక్కడ నది దాటేవాళ్ళని దస్తావేజులున్నాయి. అవతలి ఒడ్డున ఉన్న ఊరి పేరు డిట్టిషామ్ అని రాస్తారు, డిట్సమ్ అంటారు. ఈ రేవులో ఓ గంట ఉంటుంది. కొడితే అవతల్నుంచి పడవ వస్తుంది. మా లంకలో అయితే గంట ఉండేది కాదు, గొంతే. గోదావరి మీద గొంతు సాగదీసి పడవవాణ్ణి పిలిచే విద్య మా నాన్నకి బాగా వచ్చు.

పదహారో శతాబ్దంలో గిల్బర్ట్‌ల కుటుంబం ఇక్కడ ఇల్లు కట్టుకుంది. వాళ్ళలో హంఫ్రీ గిల్బర్ట్ ఇక్కడే పుట్టాడంటారు. సర్ వాల్టర్ రాలీకి ఒకతల్లి అన్న. రాలీ ఈ తోటలోనే కూర్చుని పొగ తాగుతుంటే, ఒంటికి నిప్పంటుకుందనుకుని నౌకరు నీళ్ళు కుమ్మరించాడని మావాళ్ళ కథ. ఇదే కథ తమ ఇంట్లోనే జరిగిందనేవాళ్ళు దేశంలో ఇంకా నలుగురైదుగురు ఉన్నారు, తగువు తీరేది కాదు. హంఫ్రీ 1583 ఆగస్టులో న్యూఫౌండ్‌లాండ్ మీద ఎలిజబెత్ రాణి పేర హక్కు ప్రకటించాడు. తిరుగు ప్రయాణంలో తన చిన్న ఓడతో సహా అట్లాంటిక్‌లో మునిగిపోయాడు. గైడ్లు ఇంతవరకూ చెప్పి చాలిస్తారు. అంతకు పద్నాలుగేళ్ళ ముందు ఐర్లండ్‌లో తిరుగుబాటు అణచడానికి వెళ్ళినప్పుడు ఆయన చేసింది మాత్రం చెప్పరు. శరణు కోరి వచ్చేవాళ్ళు తన గుడారానికి రావాలంటే, దారికి రెండు పక్కలా వరసగా పెట్టించిన నరికిన తలల మధ్యనుంచి నడిచి రావాలి. అందులో తమ తండ్రి తలో, తమ్ముడి తలో కనిపించొచ్చు. ఇది ఆయన శత్రువులు రాసిందేమీ కాదు. ఆయన్ని మెచ్చుకుంటూ సమకాలికుడొకడు గ్రంథస్తం చేసిన సంగతి. హంతకుడెవరో కనిపెట్టమని ఈ ఇంట్లో ఏటా ఎంతమంది తలలు పట్టుకుంటారో! అసలువాడు మొదటి పేజీలోనే ఉన్నాడు.

ఇప్పుడున్న తెల్లటి ఇల్లు వాళ్ళది కాదు, పద్దెనిమిదో శతాబ్దం చివర రూప్ హారిస్ రూప్ అనే వర్తకుడు కట్టించింది. తర్వాత ఎల్టన్లు, కార్లియాన్, రాగి గనుల డబ్బున్న హార్వీ, బొలీథోలు, ఇలా చేతులు మారింది. వాళ్ళు తెచ్చి నాటిన చెట్లు తప్ప వాళ్ళ గురించి ఎవరికీ పట్టదు, నాకూ పట్టదు. 1938లో అగాథా క్రిస్టీ ఈ ఇంటినీ, చుట్టూ ఉన్న తోటనీ ఆరు వేల పౌన్లకి కొంది. డార్ట్ నది మీద ఇంతకన్నా మంచి ఇల్లు లేదని ఆమె తల్లి ఎప్పుడూ అంటుండేదట. పుట్టి పెరిగిన యాష్‌ఫీల్డ్ ఇక్కడికి పది మైళ్ళలోపు టార్కీలో ఉండేది. గ్రీన్‌వే కోసం దాన్ని వదులుకుంది. యాష్‌ఫీల్డ్‌ని 1960ల్లో కూల్చేసి ఫ్లాట్లు కట్టారు. తన పుట్టింటి మీద ఆమెకున్న మమకారం తెలిసినవాళ్ళెవరూ ఆ వీధిలో ఎక్కువసేపు నిలబడలేరు.

ఒక మాట మాత్రం ఇక్కడికొచ్చే యాత్రికులకి రుచించదు. ఈ ఇంట్లో ఆమె హత్యలు పెద్దగా రాయలేదు. ఇది సెలవుల ఇల్లు. రెండో భర్త మాక్స్ మాలోవన్ ఇరాక్ మట్టి తవ్వే పురావస్తు శాస్త్రవేత్త. ఇద్దరూ చలికాలం అక్కడ, వేసవి ఇక్కడ. అప్పటికి రాసిన నవల రాతప్రతిని సాయంత్రం పూట ఇంట్లోవాళ్ళని కూర్చోబెట్టి చదివి వినిపించేది, హంతకుడెవరో చెప్పమనేది. అంటే ఆ ఇంట్లో జరిగిన అసలైన ఖూనీ ఆట అదే. అలా చదివిన గదిలో పియానో ఉంది. జనం ముందు వాయించాలంటే ఆమెకి బెదురు, ఎవరూ లేనప్పుడే వాయించుకునేదట. మందు ముట్టదు, పొగ తాగదు. అది విని మా అత్తగారికి ఆమె మీద కొంత సానుభూతి కలిగింది.

అయితే ఇంట్లో చంపనిది తోటలో చంపింది. 1942 నాటి ‘ఫైవ్ లిటిల్ పిగ్స్’లో ఒక చిత్రకారుడు నది వైపు చూసే బురుజు మీద బొమ్మ వేస్తూ, బీరులో విషం పడి చచ్చిపోతాడు. ఆ బురుజు ఇక్కడ ఉంది, చిన్న ఫిరంగులతో సహా. విషం పేరు కొనీన్, హెమ్లాక్ మొక్కది. డెవన్ చెమ్మ గట్ల మీద ఆ కుటుంబం మొక్కలు కొత్తిమీరలా, కేరట్ ఆకులా కళకళలాడుతూ పెరుగుతాయి. కోనసీమ కళ్ళున్నవాడు పచ్చడికి కోసుకొచ్చేస్తాడు. మా ఆవిడకి నేను మొదటి ఏడాదే నేర్పిన పాఠం, తోటలో పచ్చగా ఉన్నదల్లా పులుసులోకి కాదని. 1958 నాటి ‘ఆర్డీల్ బై ఇన్నోసెన్స్’లో ఇల్లు మళ్ళీ ఇదే, పేరే వేరు.

విషాల దగ్గర ఈ పక్క ఊరివాళ్ళందరికన్నా నాకు కొంచెం ఎక్కువ అభిమానం, ఎందుకంటే ఆమె మా వృత్తిలో మనిషి. మొదటి యుద్ధంలో టార్కీ టౌన్ హాలుని ఆసుపత్రి చేశారు. పెళ్ళికి కొంచెం ముందు ఆమె అక్కడ నర్సుగా చేరి, తర్వాత మందుల గదికి మారి, పరీక్ష కూడా ప్యాసయింది. పరీక్ష కోసం ఊళ్ళో ఒక మందుల షాపాయన దగ్గర శిక్షణ. ఆయన జేబులో ఎప్పుడూ క్యురారి ముద్ద ఒకటి ఉండేది. బాణాలకి పూసే విషం. జేబులో ఉంటే తనకేదో బలమున్నట్టుంటుందని ఆయనే చెప్పాడట. ఒకరోజు ఆయన మందు కలుపుతూ దశాంశ బిందువు తప్పు చోట పెట్టడం ఈ అమ్మాయి గమనించింది. పదింతల మోతాదు. గురువుగారిని ఎదిరించి చెప్పే వయసు కాదు, కాలమూ కాదు. చెయ్యి జారినట్టు నటించి ట్రే మొత్తం కింద పడేసి, పైగా కాలితో తొక్కేసింది. మా మందుల గదిలో కొత్తగా చేరే పిల్లలకి నేను డోసు లెక్కల పాఠం ఈ కథతోనే మొదలుపెడతాను. ఆ తర్వాత ఎవరూ సున్నా మర్చిపోరు. ఆమె మొదటి నవల, స్ట్రిక్నీన్‌తో చంపేది, ఆ మందుల గదిలో పని లేని మధ్యాహ్నాల్లో మొలకెత్తింది. 1920లో అచ్చయింది. ఫార్మసీ పత్రిక వాళ్ళు దాన్ని మెచ్చుకుంటూ సమీక్ష రాశారు. నవలకి ఇంతకన్నా మంచి కితాబు ఏముంటుంది?

ఇంత ఉత్తుత్తి చావు చుట్టూ పేరుకుంటే ఊరి జ్ఞాపకం ఎలా మారుతుందో చెప్పాలి. మా పెయింటన్‌కీ గ్రీన్‌వేకీ మధ్య చర్స్టన్ అని ఓ ఊరు. స్టేషన్లో ఎవర్నైనా పలకరించండి, సర్ కార్మైకేల్ క్లార్క్ హత్య ఇక్కడే జరిగిందంటారు. 1936 నాటి ‘ఏబీసీ మర్డర్స్’లో ఆండోవర్, బెక్స్‌హిల్ తర్వాత సి అంటే చర్స్టన్. కార్మైకేల్ క్లార్క్ అనేవాడు ఎప్పుడూ పుట్టలేదు. అదే ఊరి చర్చిలో నిజంగా ఉన్నది ఎవరూ చూపించరు. తూర్పు గోడకో రంగుటద్దాల కిటికీ. దానికి డబ్బు సమకూర్చడానికి క్రిస్టీ 1954లో ఒక పెద్ద కథ రాసి, హక్కులు చర్చికిచ్చింది. గ్రీన్‌వే లాంటి ఇల్లు, హత్య వేట, శవం వేషం వేసిన పిల్ల, అన్నీ అందులో ఉన్నాయి. కానీ కథ పత్రికకి మరీ పెద్దదైపోయింది, పుస్తకానికి మరీ చిన్నదైపోయింది. ఎవరూ కొనలేదు. చర్చికి ఇచ్చిన మాట తప్పకూడదని దాని బదులు ఇంకో కథ రాసిచ్చింది. మొదటిదాన్ని పెంచి ‘డెడ్ మాన్స్ ఫాలీ’ చేసింది. ఫాలీ అంటే జమీందార్లు తోటలో సోకు కోసం కట్టించుకునే పనికిమాలిన మంటపం. వెర్రి అనే అర్థమూ ఉంది. కిటికీలో మాత్రం వెర్రి లేదు. సిలువ మీద వేలాడే క్రీస్తు వద్దు, గొర్రెపిల్లతో ఉన్న కాపరి కావాలని ఆమె కోరిందట. బిడెఫోర్డ్ కళాకారుడు జేమ్స్ పాటర్సన్ చేసి ఇచ్చాడు. లేత ఊదా, లేత ఆకుపచ్చ. పొద్దున్న ఎండ పడితే నేల మీద ఆ రంగులే. ఖూనీ డబ్బుతో వచ్చిన వెలుగు అని నేను మావాళ్ళకి చమత్కారంగా చెబుతుంటాను. ఎవరూ నవ్వరు.

పడవల ఇంటి దగ్గర మాత్రం జనం మూగుతారు. పైన చిన్న గది, ఓ చలిమంట పొయ్యి, నది మీదికి బాల్కనీ. కింద రాతి కొలను. పోటు వేళ నది నీరు వచ్చి నిండుతుంది. జార్జి రాజుల కాలంలో దొరసానులు ఆరోగ్యానికని చన్నీళ్ళలో మునిగేవారు. 2013లో టీవీ కోసం ఈ నవల తీసినప్పుడు డేవిడ్ సూషే ప్వారో వేషంలో ఇక్కడే నడిచాడు. పాతికేళ్ళ పాటు వేసిన ఆ వేషంలో ఆయన చివరగా షూటింగ్ చేసినది ఇదే. ఆ కెమెరాలవాళ్ళు నవలలో శవమున్న ఈ గదిలోనే శవాన్ని పెట్టారు. కల్పనకి నిజమైన గది దొరికింది కాబట్టి ఇప్పుడు అది నిజం కిందే లెక్క.

అత్తగారు మెల్లగా, ప్రతి బెంచీ మీదా కూర్చుంటూ, కొండెక్కారు. ఇంట్లో టోపీలు, చేతికర్రలు, చైనా పింగాణీ, లెక్కలేనన్ని చిన్న చిన్న పెట్టెలు. ఆ కుటుంబానికి దేన్నీ పారేసే గుణం లేదు. కూతురు రోజలిండ్ 2000లో ఇంటిని నేషనల్ ట్రస్టుకిచ్చింది, వాళ్ళు 54 లక్షల పౌన్లు ఖర్చుపెట్టి బాగుచేసి 2009లో జనానికి తెరిచారు. (ఆరు వేలకి కొన్న ఇల్లు.) సరిగ్గా ఇంటివాళ్ళు ఇప్పుడే బయటికెళ్ళినట్టు ఉంచారు గదులన్నీ. “దుమ్ము ఎవరు దులుపుతారు?” అన్నారు అత్తగారు. అక్కడ నిలబడ్డ వాలంటీరు నాకన్నా ముందు ఆవిడ చూపు చూసే ప్రశ్న అర్థం చేసుకుని, నిట్టూర్చింది.

లైబ్రరీలో అత్తగారు ఆగిపోయారు.

పుస్తకాల బీరువాల పైన, గది చుట్టూ, గోడకి పట్టీలాగా ఒక బొమ్మల వరస ఉంది. రెండో యుద్ధంలో నౌకాశాఖ ఈ ఇంటిని తీసుకుని అమెరికా కోస్ట్‌గార్డ్ అధికారుల దళానికిచ్చింది. వాళ్ళలో మార్షల్ లీ అనే లెఫ్టినెంట్ వేసిన బొమ్మలవి. ఫ్లోరిడాలో మొదలై, ఉత్తరాఫ్రికా, సిసిలీ, సలెర్నో, ఓడలు ఎక్కడెక్కడికెళితే అదంతా. చివర్న ఈ అడవి, ఈ తెల్లని ఇల్లు. దాని పక్కన ఓ అందగత్తె. యుద్ధం ముగిశాక ఇల్లు తిరిగి అప్పగిస్తూ, సున్నం వేసేయమంటారా అని అడిగారట. క్రిస్టీ ఒప్పుకోలేదు, ఇది చరిత్ర అంది. అదే నౌకాశాఖ వాళ్ళు వంటింటి వసారా పొడుగునా కట్టి వదిలేసిన పద్నాలుగు మరుగుదొడ్ల విషయంలో మాత్రం చరిత్ర అనలేదు. తీయించేదాకా దెబ్బలాడింది.

నేను ఇదంతా తెలుగులో చెబుతూ, మరుగుదొడ్ల దగ్గర అత్తగారు నవ్వుతారని ఎదురుచూశాను. ఆవిడ గోడ వైపు చూస్తూనే అడిగారు.

“ఆ పిల్లలు మళ్ళీ ఇళ్ళకి వెళ్ళారా బాబూ?”

పదిసార్లకి పైగా ఆ గదిలో నిలబడ్డాను. ఆ ప్రశ్న నాకు తట్టలేదు. ఆడంబరంగా చరిత్ర చెబుతున్నవాణ్ణి, నీళ్ళు నమిలాను.

ఇంటికొచ్చాక చూశాను. ఆ దళం 1944 జూన్ 6న నార్మండీలో ఒమాహా ఒడ్డుకి సైనికుల్ని చేరవేసింది. ఆ ఒక్క రోజులో నాలుగు ఓడలు పోగొట్టుకుంది. అంటే కొందరు వెళ్ళలేదు. అంతకన్నా దగ్గరి సంగతి ఇంకోటి ఉంది. డార్ట్‌మత్‌కి కింద, తీరం వెంట కొన్ని మైళ్ళలో, స్లాప్టన్ ఇసుక తిన్నెలు. నార్మండీ ఒడ్డులాగే ఉంటాయని అమెరికన్ల కసరత్తుకి ఎంచుకున్నారు. 1943 డిసెంబరు 20 లోపు ఖాళీ చేయమని చుట్టుపక్కల పల్లెల్లో మూడు వేల మందికి నోటీసులిచ్చారు. పశువులతో, ధాన్యంతో, మంచం పట్టిన ముసలివాళ్ళతో, క్రిస్మస్ ముందు. పోలవరం ముంపు ఊళ్ళవాళ్ళని చూసినవాడికి ఇది వివరించనక్కర్లేదు. 1944 ఏప్రిల్ 28 తెల్లవారుజామున ఆ కసరత్తుకి వస్తున్న ఓడల మీద జర్మన్ టార్పెడో పడవలు పడ్డాయి. రెండు ఓడలు మునిగాయి. చనిపోయినవాళ్ళు 749 మంది. చాలామందికి లైఫ్ బెల్టులు చంకల కింద కట్టుకోవాలని తెలీక నడుముకి కట్టుకున్నారు. దూకగానే తలకిందులైపోయారు. బతికినవాళ్ళని నోరెత్తొద్దని ఆజ్ఞాపించారు. వైద్యం చేసిన డాక్టర్లని కూడా. నార్మండీ గుట్టు బయటపడకూడదని. యుద్ధమయ్యాక కూడా ఏళ్ళతరబడి ఎవరూ ఆ ఊసెత్తలేదు. కెన్ స్మాల్ అనే హోటలాయన సముద్రంలోంచి ఓ షెర్మన్ ట్యాంకుని 1984లో బయటికి లాగించి, టోర్‌క్రాస్ ఒడ్డున నిలబెట్టాకనే ఈ కథ నలుగురి నోళ్ళలో పడింది.

గ్రీన్‌వే నుంచి కారులో గంటలోపే. ఆరు ఆధారాలూ యాభై పెన్నీల కార్డూ అక్కర్లేదు, నల్లటి ట్యాంకు కళ్ళెదురుగానే ఉంది. అయినా మా ప్రాంతానికొచ్చేవాళ్ళు శవం కోసం పడవల ఇంటికి పోతారు. అక్కడ ఆగి ఇద్దరు ముగ్గురు ఫొటో దిగుతారు, ఒకరు మెడ పట్టుకుని నాలుక బయటపెడతారు. నేనూ దిగాను మొదటిసారి. తప్పని అనను. అందరికీ తెలిసిన కల్పిత శవం చుట్టూ నవ్వొచ్చు. నిజమైన శవాలకి సెల్ఫీ కుదరదు. కానీ మా అత్తగారి దిష్టి ఉప్పుకి అర్థం ఆ రోజు నుంచి నాకు కొంచెం మారింది. ఆవిడ పిల్ల కోసం చేస్తున్నారనుకున్నాను.

తర్వాత, 2023 ఆగస్టులో, గాలివానకి పెద్ద చెట్టొకటి ఆ ఒంటి దారికి అడ్డం పడింది. వందమందికి పైగా యాత్రికులు కొన్ని గంటలు గ్రీన్‌వేలో ఇరుక్కుపోయారు. టీలు తాగారు, క్రోకే ఆడారు, లైబ్రరీలో జిగ్‌సాలు పేర్చారు. పత్రికలకి పండగే. బయటికి దారి లేని ఇంట్లో ఒక్కొక్కరే చచ్చిపోయే నవల ఉందిగా, మన ‘గుమ్‌నామ్’ సినిమాకి మూలం, అదే శీర్షిక పెట్టేశారు. ఆ జిగ్‌సాలు పేర్చిన గదిలో గోడ మీది పట్టీ వైపు ఎవరైనా తలెత్తి చూశారో లేదో ఏ పత్రికా రాయలేదు.

అత్తగారితో వెళ్ళిన రోజు మేం కొండ దిగేసరికి నాలుగున్నర. డార్ట్‌మత్ పడవ తప్పిపోయింది, డిట్సమ్ దాటాలి. రేవులో గంట చూపించి కొట్టమన్నాను. అత్తగారు తాడు పట్టుకుని, ముందు సందేహంగా ఒకసారి, తర్వాత గుళ్ళో కొట్టినట్టు గట్టిగా మూడుసార్లు కొట్టారు. అవతల్నుంచి పడవ కదిలింది. “ఆయన్ని పిలిచినప్పుడు ఇలా అయ్యుంటే గొంతు నొప్పెట్టేది కాదు” అన్నారు. ఎవరినో మాత్రం చెప్పలేదు.

పడవ మధ్యకి రాగానే చిల్లర అడిగారు. గోదావరి బ్రిడ్జి మీద రైల్లో అడిగినట్టు. ఇరవై పెన్నీలిచ్చాను. తిప్పి చూసి, రాణిగారి బొమ్మ చూసి, “చిన్నదిచ్చారేంటండీ, పెద్దది లేదా?” అన్నారు. జేబు తడుముకుంటే నిన్న తీర్థంలో, శవం దొరకనందుకు తిరిగిచ్చిన యాభై పెన్నీల బిళ్ళ చేతికి తగిలింది. ఏడు మూలలది. ఇచ్చాను. ఆవిడ కళ్ళకద్దుకుని, పక్కకి వంగి, నీళ్ళలోకి జారవిడిచారు.

పడవాయన చూశాడు, ఏమీ అడగలేదు. వెనక రేవులో ఎవరో గంట కొడుతున్నారు.